పెరట్లో మందు, పక్కనే మేక: ఇంటి తోట మందులతో మన జీవాలకు ముప్పు

బక్రీద్‌కు కొన్ని వారాల ముందే మేకనో పొట్టేలునో కొనుక్కొచ్చి ఇంట్లో కట్టేసుకోవడం మన కుటుంబాల్లో మామూలే. పిల్లలు దానికి ఓ పేరు పెడతారు, ఆకులు తెచ్చి తినిపిస్తారు, సాయంత్రం గల్లీలో తిప్పుకొస్తారు. 2024లో బక్రీద్ జూన్ 17న వచ్చింది, 2025లో జూన్ 7న. చాంద్రమానం కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు ఎండాకాలం చివర్లో పడుతోంది. పెరట్లో పని మొదలయ్యేదీ అప్పుడే. తొలకరి రాకముందే మట్టి తవ్వుతాం, ఎరువు కలుపుతాం, చెదలకూ చీమలకూ మందు చల్లుతాం, బెండ, చిక్కుడు, కాకర విత్తనాలు తెచ్చి పెడతాం. అంటే ఒకే పెరట్లో ఒక మూలకు మేక, ఇంకో మూలకు మందు డబ్బా ఉండేది సరిగ్గా ఈ రోజుల్లోనే.

మేక ఒక్కటే కాదు. కోళ్లు, పావురాలు, పిల్లులు, గేటు దగ్గర పడుకునే వీధి కుక్క కూడా ఉంటాయి. మందు డబ్బా మీద ఏం రాసుందో వీటికి తెలియదు. చదవాల్సింది మనమే.

కంపెనీ నీళ్లా, పెరటి పొట్లమా?

గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం, జిన్నారం, పటాన్‌చెరు వైపు ఏ జీవం చచ్చినా ముందు వచ్చే మాట ఒకటే: ‘కంపెనీ నీళ్లు తాగిందేమో.’ ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. ఈ ప్రాంతం చెరువులు, వాగుల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. వ్యర్థజలాల శుద్ధికి పటాన్‌చెరులో ఉమ్మడి ప్లాంటు వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ ప్లాంటు నుంచి శుద్ధి అయి బయటకొచ్చే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. 2017 అక్టోబర్‌లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు కూడా అందరి వేళ్లూ ఫ్యాక్టరీల వైపే చూపించాయి.

కాబట్టి అనుమానపడటంలో తప్పు లేదు. కాకపోతే ప్రతి చావునూ కంపెనీ ఖాతాలో రాసేస్తే రెండు నష్టాలున్నాయి. మన పెరట్లోనే ఉన్న అసలు కారణం కంటికి కనపడదు, రేపు రెండో మేక కూడా దాన్నే తింటుంది. నిజంగా తప్పు కంపెనీదే అయిన రోజున మన దగ్గర ఆధారం ఉండదు. అందుకే ముందు మన ఇంటి అటక, మన పెరటి మూల వెతుక్కుందాం.

డబ్బా మీది రంగు చదవండి

మన దేశంలో పురుగుమందుల అమ్మకం 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నడుస్తుంది. దాని నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా, ప్రతి ప్యాకెట్ మీద ఏటవాలుగా నిలబెట్టిన చదరపు గుర్తు ఉండాలి. ఆ గుర్తు కింది సగంలో ఉన్న రంగే విషం ఎంత గట్టిదో చెబుతుంది.

ఎరుపు అంటే అతి ప్రమాదకరం, పైన పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్, మోనోక్రోటోఫాస్ ఈ కోవలోవి. పసుపు అంటే చాలా ప్రమాదకరం. చెదలకు వాడే క్లోర్‌పైరిఫాస్ ఇందులోది. నీలం అంటే మధ్యరకం, ఉదాహరణకు మలాథియాన్. ఆకుపచ్చ అంటే వీటన్నిటిలో తక్కువది, బూజు తెగుళ్లకు వాడే మాంకోజెబ్ లాంటివి.

ఆకుపచ్చ రంగు చూసి ‘ఇది మంచిదే’ అనుకోవద్దు. మిగతావాటికంటే తక్కువ విషం అని మాత్రమే దాని అర్థం. పైగా ఈ కొలత పరీక్షశాలలో ఎలుకల మీద తీసింది. పిల్లికీ పిట్టకూ అదే లెక్క వర్తించదు.

అసలు చిక్కు రంగే లేని మందుతో. అంగడిలో, కిరాణా కొట్లో పేపర్‌లో పొట్లం కట్టి ఇచ్చే తెల్లపొడి, నల్లపొడి సంగతి. ‘చీమలకు వెయ్, పడిపోతయ్’ అని చెప్పి ఇస్తారు. దాని పేరేంటో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. రేపు పిల్లి వణుకుతుంటే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ‘ఏ మందు?’ అని. పొట్లం మందుకు మన దగ్గర జవాబు ఉండదు. లైసెన్స్ ఉన్న దుకాణంలో, సీల్ ఉన్న ప్యాకెట్, బిల్లుతో కొనడం అందుకే అవసరం.

పాత స్టాకు కూడా ఒకసారి చూసుకోండి. ఫోరేట్ గుళికలు, డైక్లోర్‌వాస్ ద్రవం 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధం. ‘గమాక్సిన్’ అని మన పెద్దవాళ్లు పిలిచే పొడికీ ఎప్పుడో కాలం చెల్లింది. అయినా అటక మీద ఏదో డబ్బాలో మిగిలే ఉంటాయి. నిషేధం వచ్చినంత మాత్రాన డబ్బాలో ఉన్న విషం చచ్చిపోదు.

ఏ మందు ఏం చేస్తుంది?

ఎలుకల మందు. ఇందులో రెండు రకాలు ముఖ్యం. బూడిద, నలుపు కలిసిన పొడి జింక్ ఫాస్ఫైడ్. పిండిలోనో నూనె రాసిన అటుకుల్లోనో కలిపి పెడతారు. కడుపులోని ఆమ్లం తగలగానే అది ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది. గంటల్లోనే జీవం ప్రాణం మీదికి వస్తుంది, దీనికి విరుగుడు మందు లేదు. తిన్న జీవానికి ‘కొంచెం అన్నం పెడదాం’ అని పెడితే కడుపులో ఆమ్లం ఇంకా ఊరి గ్యాస్ ఎక్కువవుతుంది. అది కక్కినప్పుడు వచ్చే వాయువు పక్కనున్న మనుషులకూ ప్రమాదమే. తలుపులు, కిటికీలు తెరిచేయాలి.

రెండో రకం నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో బిళ్లలుగా వచ్చే బ్రోమాడయోలోన్. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. మోసం ఎక్కడంటే, తిన్న రోజు ఏమీ కనిపించదు. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత నీరసం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు నుంచీ మలంలోనూ రక్తం. ‘నిన్నటి దాకా మంచిగనే ఉండె భాయ్’ అంటాం. విషం తిన్నది నిన్న కాదు, మొన్నటి ముందురోజు. దీనికి మాత్రం విరుగుడు ఉంది, విటమిన్ కె1. వారాల పాటు ఇవ్వాల్సి వస్తుంది, త్వరగా మొదలుపెడితే బతుకుతుంది. మందు తిని మగతగా తిరిగే ఎలుకను పిల్లి తేలిగ్గా పట్టుకుంటుంది. అలా పిల్లికి కూడా విషం ఎక్కుతుంది.

పురుగుల మందులు, గుళికలు. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్లు. కార్బోఫ్యూరాన్ కార్బమేట్ జాతి. అన్నీ నరాల మీదే పనిచేస్తాయి. నోట్లోంచి చొంగ, కళ్లలో నీళ్లు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, విరేచనాలు, ఒళ్లు వణకడం, ఊపిరి ఆడకపోవడం ఇవన్నీ లక్షణాలు. తినడమే అక్కర్లేదు, చర్మం మీద పడినా లోపలికి వెళ్తాయి. అట్రోపిన్ ఇంజెక్షన్ విరుగుడు, అది డాక్టర్ చేతిలో పని. గుళికలతో కోళ్లకు, పావురాలకు ప్రత్యేక ముప్పు ఉంది. పక్షులు గింజలు అరగడానికి చిన్న రాళ్లు, ఇసుక రేణువులు ఏరుకుని మింగుతాయి. మట్టి మీద పడిన గుళిక వాటి కంటికి అచ్చం అలాగే ఉంటుంది. చిన్న పిట్టకు ఒక్క కార్బోఫ్యూరాన్ గుళిక చాలు.

పిల్లికి పడని మందులు. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి మనకూ కుక్కకూ తక్కువ హాని చేస్తాయి. పిల్లి కాలేయానికి మాత్రం వీటిని విరిచి బయటకు పంపే శక్తి సరిగ్గా లేదు. కుక్కకు రాసే గోమారి మందు పిల్లికి రాసినా, ఇప్పుడే స్ప్రే చేసిన తడి మొక్కల మధ్య పిల్లి తిరిగి తర్వాత ఒళ్లు నాక్కున్నా వణుకు, ఫిట్స్ రావచ్చు. ఫినాయిల్ కూడా అంతే. పెరటి బండలు ఫినాయిల్‌తో కడిగితే ఆరేదాకా పిల్లిని అటు పోనివ్వకండి.

నత్తల మందు. వానలు మొదలవ్వగానే బొప్పాయి, ఆకుకూరల మీద నత్తలు ఎక్కుతాయి. వాటికి చల్లే మెటాల్డిహైడ్ గుళికలను ఎర కోసం తవుడు లాంటి తిండి పదార్థంతో చేస్తారు. నత్తకు నచ్చే వాసన కుక్కకూ నచ్చుతుంది. ఒకటి నుంచి మూడు గంటల్లో వణుకు, ఆపకుండా ఫిట్స్, ఒళ్లు కాలిపోయేంత జ్వరం.

యూరియా. దీన్ని మనం విషంగా అనుకోం, ఎరువే కదా అంటాం. మేక, గొర్రె, ఆవు, గేదె లాంటి నెమరువేసే జీవాల పొట్టలోని సూక్ష్మజీవులు యూరియాను క్షణాల్లో అమ్మోనియాగా మారుస్తాయి. అది రక్తంలోకి ఎక్కితే పొట్ట ఉబ్బుతుంది, పళ్లు కొరుకుతుంది, నురగ, వణుకు, అరగంట నుంచి కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. అలవాటు లేని జీవానికి కిలో బరువుకు 1 నుంచి 1.5 గ్రాములు చాలు. 25 కిలోల మేకకు 25 నుంచి 40 గ్రాములు, అంటే గుప్పెడు కూడా కాదు. మేకకు ఉప్పు రుచి ఇష్టం, తెరిచిన సంచి దొరికితే నాకుతుంది. మొక్కలకు పోయాలని బకెట్లో కలిపి పెట్టిన యూరియా నీళ్లైతే ఇంకా ప్రమాదం. దాహం మీద గటగటా తాగేస్తుంది.

మైలుతుత్తం. బోర్డో మిశ్రమంలో కలిపే నీలిరంగు తుత్తంలో ఉన్నది రాగి. మేకకంటే గొర్రెకు రాగి చాలా చెడ్డది, కాలేయంలో పేరుకుపోయి ఒక్కసారిగా దెబ్బ తీస్తుంది. పొట్టేలు తెచ్చినవాళ్లు తుత్తం కొట్టిన చెట్ల కింది గడ్డి, ఆకు వేయకూడదు.

ఆముదం పిండి. గానుగ తీసిన ఆముదం పిండి సేంద్రియ ఎరువుగా తేలిగ్గా దొరుకుతుంది. ‘సేంద్రియం కదా, ఏం కాదు’ అనే మాట వినపడేది ఇక్కడే. ఆముదం గింజలో రిసిన్ అనే గట్టి విషం ఉంది. అది నూనెలో కరగదు, కాబట్టి నూనెలోకి రాదు, విషమంతా పిండిలోనే ఉండిపోతుంది. బాగా వేడిచేస్తే విరుగుతుంది, కానీ కొన్న సంచిలోని పిండిని వేడిచేశారో లేదో మనకు తెలియదు. కుక్కలకు ఆ వాసన ఇష్టం, కుండీలు తవ్వి మరీ తింటాయి. కొన్ని గంటల నుంచి ఒకటి, రెండు రోజుల్లో వాంతులు, రక్త విరేచనాలు. పెరట్లో జీవాలుంటే వేపపిండి, వర్మీకంపోస్టు వైపు మళ్లడం మేలు.

రంగు విత్తనాలు. ప్యాకెట్ విత్తనాలకు గులాబీ, నీలం, ఎరుపు రంగు పూసి ఉంటే, దాని అర్థం మందు పట్టించారని. మిగిలిన విత్తనాలను ‘పారేయడం ఎందుకు’ అని కోళ్లకు, పావురాలకు వేయకూడదు.

కలరా ఉండలు. పాములు రావని పెరట్లో నాఫ్తలీన్ ఉండలు చల్లుతారు. పాములు ఆగుతాయన్నది నమ్మకమే. పిల్లి, కుక్క మింగితే మాత్రం ఎర్ర రక్తకణాలు పగిలిపోయి రక్తహీనత వస్తుంది. పిల్లలు నోట్లో పెట్టుకున్నా అదే ప్రమాదం.

గడ్డిమందు. పారాక్వాట్‌కు మనిషికైనా పశువుకైనా విరుగుడు లేదు, ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మందు కొట్టిన గడ్డి కోసి మేకకు వేయడం అసలు చేయకూడదు. కంపెనీ గోడ పక్కన, రోడ్డు పక్కన పచ్చగా కనపడిన గడ్డికి ఎవరు ఏం కొట్టారో తెలియదు. రోడ్డు మధ్య డివైడర్లలో కత్తిరించి పడేసే గన్నేరు కొమ్మలు కూడా అంతే. గన్నేరు ఎండినా విషమే, గుండెను ఆపేస్తుంది.

నీలం డ్రమ్ము కథ

మన పారిశ్రామిక వాడల్లో ఇంకో ముప్పు ఉంది, ఇది వేరే ఊళ్లలో ఇంతగా ఉండదు. స్క్రాప్ దుకాణాల్లో చవకగా దొరికే 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. సగానికి కోస్తే రెండు కుండీలు, లేదా మేకకు నీళ్ల తొట్టి. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, సబ్బుతో నాలుగుసార్లు కడుగుతాం కూడా. అందులో అంతకుముందు ఏ రసాయనం ఉందో లేబుల్ చింపేశాక ఎవరూ చెప్పలేరు. కొన్ని ద్రవాలు ప్లాస్టిక్ గోడల్లోకే ఇంకుతాయి. కడిగినా, ఎండలో నీళ్లు వేడెక్కినప్పుడు కొద్దికొద్దిగా బయటకొస్తాయి.

డబ్బా మారితే ఎంత ఘోరం జరుగుతుందో దేశం చూసింది. 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షల్లో తేలింది. మందు ఉన్న డబ్బాలో తినేది, తాగేది పోయకూడదు. కూల్‌డ్రింక్ సీసాలోకి, ఆవకాయ జాడీలోకి మందు మార్చకూడదు. జీవాల నీళ్లకు సిమెంట్ తొట్టి, మట్టి గాబు, కొత్త టబ్బు ఏదైనా మంచిదే. రసాయన డ్రమ్ము మాత్రం వద్దు, కాయగూరల కుండీగా కూడా వద్దు.

విషం తిన్నదని అనుమానం వస్తే

ముందు జీవాన్ని అక్కడి నుంచి తప్పించండి, మిగతా జీవాలను, పిల్లలను దూరం పెట్టండి. మందు ప్యాకెట్ చేతిలో పెట్టుకోండి, లేదా ఫోన్‌లో లేబుల్ ఫోటో తీయండి. ఎప్పుడు తింది, సుమారు ఎంత తింది, జీవం బరువెంత, ఇప్పుడు ఏం చేస్తోంది అనే నాలుగు విషయాలు సిద్ధంగా ఉంచుకుని ఫోన్ చేయండి. మేకలు, గొర్రెలు, పశువులకు తెలంగాణలో 2017 నుంచి సంచార పశువైద్య వాహనాలు నడుస్తున్నాయి, నంబర్ 1962. పిల్లి, కుక్క, పిట్టలకైతే దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. హైదరాబాద్ చేరగలిగితే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉన్నాయి.

మందు ఒంటి మీద పడితే చేతులకు గ్లవ్స్ వేసుకుని, గ్లవ్స్ లేకుంటే ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, సబ్బు నీళ్లతో కడిగి తుడవండి. నాక్కోనివ్వకండి.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. ఉప్పు నీళ్లు తాగించి కక్కించాలని చూడొద్దు. మేక, గొర్రె మనలా కక్కలేవు. నోరు పట్టి బలవంతంగా పోస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి, విషం చంపకపోయినా అదే చంపుతుంది. పాలు, నూనె, నెయ్యి పోయొద్దు. కొన్ని విషాలు కొవ్వులో కరిగి ఇంకా వేగంగా ఒంట్లోకి ఎక్కుతాయి. యూరియా తిన్న మేకకు డాక్టర్లు చల్లటి నీళ్లు, సిర్కా తాగిస్తారు, అమ్మోనియా రక్తంలోకి ఎక్కడం దాంతో తగ్గుతుంది. అది వేరే మందులకు పనికిరాదు కాబట్టి ఫోన్‌లో డాక్టర్ చెబితేనే, ఆయన చెప్పినంతే పోయాలి.

ఇంట్లో మనిషి మందు మింగినా, ముట్టుకుని కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 116 117. ఏ విషానికి ఏం చేయాలో అక్కడ చెబుతారు.

హడావుడిగా జబహ్ చేయకండి

ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. వేలు పోసి కొన్న మేక కళ్ల ముందు కొట్టుకుంటుంటే ‘చచ్చిపోతే ముర్దార్ అవుతుంది, ఊపిరి ఉండగానే జబహ్ చేసేద్దాం, మాంసమన్నా దక్కుతుంది’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ డబ్బు ఎంత కష్టపడి కూడబెట్టిందో తెలిసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. రెండు షిఫ్టులు చేసి, కమిటీ చీటీ ఎత్తి కొన్న మేక అది.

కానీ కత్తితో విషం పోదు. పురుగుమందు రక్తంలో, కాలేయంలో, కొవ్వులో ఉంటుంది, వండినా నమ్మకంగా విరగదు. జింక్ ఫాస్ఫైడ్ తిన్న జీవం పొట్ట కోస్తే లోపలి విషవాయువు కోసేవాడి ముఖానికే కొడుతుంది. ఆ మాంసం ఇంట్లో పిల్లలకు, బంధువులకు, గడప ముందుకొచ్చిన పేదలకు వెళ్తుంది. ఖుర్బానీలో పేదల హక్కు అని మనం ఇచ్చేది విషం కాకూడదు.

స్పష్టంగా జబ్బుపడిన జీవం ఖుర్బానీకి చెల్లదని హదీసులో ఉన్న సంగతి మనకు తెలిసిందే. తెచ్చుకున్న మేక పండుగకు ముందే పోతే మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఇంటి స్తోమతును బట్టి మారే మసలా, మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి. మాంసం తినొచ్చా అన్న ప్రశ్నకు మాత్రం పశువైద్యుడు చెప్పిందే వినాలి. విషం తిన్న కోడి గుడ్లు, మేక పాలు కూడా డాక్టర్ సరే అనేదాకా వాడకూడదు.

చచ్చిపోతే చేయాల్సింది

దుఃఖంలో ఎవరికీ తోచదు గానీ, చచ్చిన జీవానికి పోస్ట్‌మార్టం చేయించడం బతికున్నవాటికి మేలు. మండల పశువైద్యాధికారిని పిలిస్తే శవపరీక్ష చేసి, కాలేయం, పొట్టలోని పదార్థం నమూనాలు ల్యాబ్‌కు పంపే వీలుంటుంది. అది తాగిన నీళ్లు కూడా శుభ్రమైన సీసాలో పట్టి, తేదీ, చోటు రాసి ఇవ్వండి. ఆలస్యమైతే ఎండకు శవం కుళ్లి ఏమీ తేలదు.

ఆధారం లేని చోట వాదనే మిగులుతుంది. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి తీసేసిన చేలల్లో మేసిన గొర్రెలు, మేకలు చాలా చనిపోయాయి. బీటీ పత్తి ఆకే కారణమని కాపరులు, స్వచ్ఛంద సంస్థలు అన్నారు. కాదు, నైట్రేట్లో పురుగుమందు అవశేషాలో అయ్యుంటాయని కేంద్రం నియమించిన కమిటీ అంది. ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది, నష్టపోయింది మాత్రం గొర్రెలు పోగొట్టుకున్న కాపరి. గడ్డపోతారంలో కూడా కారణం కంపెనీ నీళ్లైతే కాలుష్య నియంత్రణ మండలి ముందు పెట్టడానికి కాగితం కావాలి, కారణం మన పొట్లమైతే అది మనకే తెలియాలి. రెండింటికీ దారి పోస్ట్‌మార్టమే.

ఆ తర్వాత శవాన్ని బోరుకూ చెరువుకూ దూరంగా లోతైన గుంత తీసి, సున్నం వేసి పూడ్చండి. చెత్తకుప్ప మీద పడేస్తే కుక్కలు, కాకులు, గద్దలు తిని అవీ చస్తాయి.

మందు లేకుండా ఎంతవరకు?

చాలావరకు అవుతుంది. ఎలుకలకు బోను పెట్టొచ్చు, మేకల దాణా మూత ఉన్న డబ్బాలో పెడితే ఎలుకలే సగం తగ్గుతాయి. నత్తలకు విదేశీ వీడియోల్లో బీరు గిన్నె పెట్టమంటారు, మనకు ఆ గొడవే వద్దు. రాత్రి తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పరిచి పెడితే తెల్లారేసరికి నత్తలన్నీ అక్కడ చేరతాయి. గ్లవ్స్‌తో ఏరి ఉప్పునీళ్లలో వేయడమే. పేనుబంకకు, పిండినల్లికి వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు సరిపోతాయి. చీమలకు మరిగే నీళ్లు చాలు.

మందు తప్పనప్పుడు మాత్రం కావాల్సినంతే కలపండి, మిగలనివ్వకండి. కొట్టిన రోజు జీవాలను వేరేచోట కట్టండి, లేబుల్ మీద రాసిన గడువు అయ్యేదాకా అటు వదలకండి. డబ్బాలన్నీ తాళం వేసిన పెట్టెలో, దాణాకూ బియ్యానికీ దూరంగా పెట్టండి. ఖాళీ డబ్బాకు రంధ్రాలు పొడిచి పడేయండి, ఇంకెవరూ వాడుకోకుండా.

చివరిగా

దాహంతో ఉన్న కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని, పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీకి శిక్ష పడిందని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన సంగతులు మన పిల్లలకు మదర్సాలో నేర్పుతాం. అబూ హురైరా (రజి) అనే పేరే పిల్లికూనల మీద ప్రేమతో వచ్చిందని చెబుతాం. ఆ పాఠం పెరట్లో ఆచరణలోకి రావాలంటే డబ్బా మీది లేబుల్ చదవడం, మూత బిగించడం, తాళం వేయడం అనే చిన్న పనులతోనే వస్తుంది. మన గడపలో కట్టేసిన జీవం మన చేతిలో అమానత్. కట్టేసి ఉన్నది కాబట్టి అది తప్పించుకుని పోలేదు, మనం పెట్టిందే తింటుంది, మనం అందుబాటులో వదిలేసిందే నాకుతుంది.

ఈ శుక్రవారం నమాజ్ తర్వాత మీ మసీదులో ఇమామ్ సాబ్‌తో రెండు మాటలు చెప్పించండి: పొట్లం మందు కొనొద్దు, విషం తిన్న జీవాన్ని కోసి తినొద్దు. 1962 నంబర్ గేటు మీద సుద్దతో రాసి పెట్టండి. అటక మీది పాత డబ్బాలు ఇవాళే ఒకసారి దించి చూడండి.